కిందికి దించిన కారు, లోపలికి వాలిన చక్రం

పిల్లలూ, బదిలీ అంటే ఏమిటో మీకు చెప్పనక్కర లేదు. పెట్టెలు సర్దుకోవడం మీకూ మాకూ అలవాటే. పుదుచ్చేరికి వచ్చాక మేమొక పాత చిన్న కారు కొన్నాం. నేలకు అతుక్కున్నట్టు ముచ్చటగా ఉండేది. మునుపటి యజమాని అసలు స్ప్రింగులు తీయించి పొట్టివి వేయించాడట. పాతవి డిక్కీలో పెట్టి ఇచ్చాడు. అవెందుకో అప్పుడు మాకు తెలియలేదు.

దసరా సెలవులకు యానాం వెళ్దామనుకున్నాం. యానాం మన పుదుచ్చేరి ప్రభుత్వం కిందిదే, ఉన్నది మాత్రం కాకినాడ దగ్గర, గోదావరి ఒడ్డున. దూరప్రయాణం కదా అని టైర్లు చూపించాం. బయటివైపు గాడులు కొత్తవాటిలా ఉన్నాయి. షాపతను స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలి అంచు చూపించాడు. రబ్బరు అరిగి తీగలు బయటపడ్డాయి! వెనక సీట్లో పిల్లలతో ఆ టైర్ల మీదే హైవే ఎక్కబోయాం.

కారు ఎదురుగా నిలబడి చూస్తే చక్రం నిలువుగా ఉందా, వాలి ఉందా అన్నదే క్యాంబర్. పైభాగం లోపలికి వాలితే నెగటివ్, బయటికి వాలితే పాజిటివ్. మలుపులో కారు ఒరిగినప్పుడు కొద్దిపాటి నెగటివ్ క్యాంబర్ వల్ల బయటివైపు టైరు నేలను బాగా పట్టుకుంటుంది. అందుకే రేసు కార్లకు అది కావాలి. తిన్నని రోడ్డు మీద మాత్రం భారమంతా లోపలి అంచు మీదే పడుతుంది.

కారు దించితే చక్రం ఎందుకు వాలుతుంది? చాలా చిన్న కార్లలో ముందు చక్రాన్ని కింద ఒక ఇనుప చేయి పట్టుకుంటుంది. అది సగం తెరిచిన గొడుగు పుల్లలా కిందికి వాలి ఉంటుంది. బాడీ దిగితే పుల్ల అడ్డంగా విప్పుకుని చక్రం అడుగును బయటికి తోస్తుంది. దాంతో పైభాగం లోపలికి వాలినట్టవుతుంది. పైగా టో కూడా మారుతుంది. టో అంటే పైనుంచి చూస్తే చక్రాలు, మన పాదాల్లాగే, లోపలికో బయటికో తిరిగి ఉండడం. నిజానికి టైరును క్యాంబర్ కన్నా త్వరగా తినేసేది ఇదే.

క్యాంబర్‌ను మీరూ కొలవవచ్చు. సమంగా ఉన్న నేల మీద కారు నిలిపి, చక్రం పక్కన దారానికి రాయి కట్టి వేలాడదీయండి. దారం నుంచి రిమ్ పై అంచుకు, కింది అంచుకు ఎంత దూరమో కొలవండి. మా రిమ్ అంచు నుంచి అంచుకు 370 మిల్లీమీటర్లు. పైన ఖాళీ కింద కన్నా 13 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. 13ను 370తో భాగిస్తే 0.035. పదో తరగతివాళ్ళు టాన్ పట్టిక తీయండి: సుమారు 2 డిగ్రీలు.

సరిచేయడంలో వరుస ముఖ్యం. ముందు టైర్లలో గాలి, తర్వాత ఎత్తు, ఆ తర్వాత క్యాంబర్, చివరికి టో. ఒకటి మారిస్తే దాని తర్వాతవన్నీ మారతాయి. ఎత్తు మార్చాక కారును కాస్త ముందుకూ వెనక్కూ నడిపి, స్ప్రింగులు సర్దుకున్నాకే కొలవాలి. దించిన ఎత్తులోనే ఉంచుతామంటే ప్రత్యేక క్యాంబర్ బోల్టులు వేసి వాలు తగ్గించవచ్చు. స్ప్రింగు విప్పడం మాత్రం మెకానిక్ పని. నొక్కి ఉన్న స్ప్రింగు ఎగిరితే ప్రాణాల మీదికి వస్తుంది.

మేము ఎత్తే పెంచేశాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్‌బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు. మన వీధుల్లో ఆ లెక్క ఎవరు చూశారు? 2024 నవంబర్ 30న ఫెంగల్ తుపానుకు ఈ ఊళ్ళో నిలిచిన నీళ్ళు మీలో కొందరు చూసే ఉంటారు. అదీగాక, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది.

డిక్కీలోని స్ప్రింగులు అప్పుడు పనికొచ్చాయి. అవి బిగించి మళ్ళీ దారం వేలాడదీస్తే తేడా 3 మిల్లీమీటర్లే, అంటే అర డిగ్రీ. ముందు రెండు టైర్లు కొత్తవి వేయించి, టో సరిచేయించి, రెండు రోజులు ఆలస్యంగా యానాం బయలుదేరాం.