పొలము ముందా, ప్రవేశపత్రము ముందా?

మన దుండిగల్ చుట్టుపట్లనున్న ఇంజనీరింగు కళాశాలలలో చదివిన రైతుబిడ్డలు పలువురు పైచదువునకై అమెరికా పోవ నభిలషించుచున్నారు. కోరిక మంచిదే. ఔటర్ రింగు రోడ్డు వచ్చిన పిదప మన నేలకు ధర పెరిగినందున, "ముందొక యెకర మమ్ముదము, తరువాత చూతము" అను తొందరయు పెరిగినది. ఇది మంచిది కాదు. ఏ పని ముందో, ఏ పని వెనుకనో సభ్యులు తెలిసికొనవలెను.

దరఖాస్తు

అచ్చట చదువు సాధారణముగా ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ప్రారంభమగును. అనేక విద్యాలయములకు దరఖాస్తు గడువు అంతకుముందరి డిసెంబరు, జనవరి ప్రాంతముననే ముగియును. కావున ఒక యేడు ముందుగా పూనుకొనవలెను. మార్కుల పత్రములు, ఆంగ్లభాషా పరీక్షా ఫలితము, గురువుల సిఫారసు లేఖలు, తానేల చదువగోరుచున్నాడో తెలుపు వ్యాసము కావలెను. ఈ వ్యాసమును విద్యార్థియే వ్రాయవలెను. కన్సల్టెన్సీవారు పదిమందికి నొకే వ్యాసము వ్రాసి యిచ్చినచో చదువువారు పసిగట్టుదురు.

ధనము

ప్రవేశము దొరికిన పిదప మొదటి సంవత్సరపు వ్యయమునకు ధనమున్నట్లు చూపిననే విద్యాలయము ఐ-20 అను పత్రము నిచ్చును. ఇందుకు బ్యాంకు అప్పు మంజూరు లేఖయు చెల్లును. పిదప 350 డాలర్ల సెవిస్ రుసుము చెల్లించి వీసాకై పోవలెను. అప్పు సొమ్ము సాధారణముగా వీసా వచ్చిన తరువాతనే విడుదలయగును. వీసా నిరాకరింపబడినచో తీసికొనని యప్పునకు వడ్డీ లేదు. అమ్మిన పొలము మాత్రము మరల రాదు. క్రమమును పాటింపుమనుట యిందుకే.

7.50 లక్షలు మించిన విద్యారుణమునకు బ్యాంకులు సాధారణముగా స్థిరాస్తి హామీ కోరును. 2002 నాటి సర్ఫేసీ చట్టము సాగుభూమికి వర్తింపదు గనుక, పెక్కు బ్యాంకులు పొలముకన్న ఇంటినో, డిపాజిట్టునో కోరును. ఈ సంగతి ముందే విచారించుకొనవలెను.

వెనుకబడిన తరగతులవారికి మహాత్మా జ్యోతిబా ఫూలే, షెడ్యూల్డు కులములవారికి అంబేద్కర్ పేర తెలంగాణ ప్రభుత్వపు విదేశీ విద్యానిధులు గలవు. వార్షికాదాయము 5 లక్షలకు లోబడిన కుటుంబములవారికి 20 లక్షలవరకు సాయము నిర్ణయింపబడినది. ప్రకటన వెలువడినప్పుడే దరఖాస్తు చేయవలెను. ధర్మనిధి సాయము మనవారికి క్రొత్త కాదు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల దశకమున హార్వర్డునకు పోవుటకు కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మనిధి మాటసాయమును, మామగారి ధనసాయమును ఆధారములైనవి.

మోసము

"అచ్చట పనిచేసి అప్పు తీర్చును" అను మాటను నమ్మరాదు. విద్యార్థి వీసాపై పాఠములు నడచు కాలమున విద్యాలయ ప్రాంగణములోనే, వారమునకు 20 గంటలకు మించక, పనిచేయవచ్చును. ఆ జీతముతో అప్పు తీరదు.

విత్తనపు సంచిమీది చీటీ చూడక కొను రైతు లేడు. అయినను చీటీ యొక్కటే చాలదు, మొలక చూడవలెను. 2019లో ఫార్మింగ్టన్ విద్యాలయము పేర జరిగిన వ్యవహారము దీనికి దృష్టాంతము. దానిని అమెరికా ప్రభుత్వాధికారులే ఎరగా నెలకొల్పిరి. ప్రభుత్వపు అనుమతి పట్టికలో దాని పేరుండెను. ఉపాధ్యాయులు లేరు, తరగతులు లేవు. 129 మంది భారతీయ విద్యార్థులు నిర్బంధింపబడిరి. వారిలో తెలుగువారు అనేకులు. చదువక పనిచేయుటకు వీలు కల్పింతుమను విద్యాలయము ఏదైనను విడిచిపెట్టవలెను. తరగతులు జరుగుచున్నవా యని అచ్చట చదువుచున్న మనవారినే యడుగవలెను.

కావున సభ్యులారా, మొదట ప్రవేశపత్రము, తరువాత అప్పు మంజూరు, పిమ్మట ఐ-20, వీసా. వీని తరువాతనే, మరియొక దారి లేనిచో, పొలము మాట తలపెట్టుడు. బిడ్డ చదువు తలిదండ్రుల పంటకాలువను పూడ్చి సాగవలసిన పని కాదు.