సీపాప్ మిషన్‌కు చీటీ ఎవరూ అడుగుతలేరు.. అందుకే మనమే తీసుకోవాలె

మన దిక్కు ఎవరన్న గట్టిగ గురక పెడితే "పాపం, కష్టం జేసి వచ్చిండు, మంచిగ నిద్రవట్టింది" అంటరు. పోచారం డ్యాం కింది ఊర్లల్ల అడిగినా, ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట దిక్కు అడిగినా గదే మాట. గురకంటే నవ్వులాటే. కానీ కొందరికి గురక నడుమల ఒక్కసారి సప్పుడు బందైతది. పది సెకన్లు, ఇరవై సెకన్లు ఊపిరే ఆడదు. మళ్ల ఉలిక్కిపడ్డట్టు గాలి గుంజుకుంటరు, మళ్ల గురక షురూ. గది మంచి నిద్ర కాదు. దాన్ని డాక్టర్లు స్లీప్ ఆప్నియా అంటరు.

2022 ఫిబ్రవరిల బప్పీ లహరి చనిపోయినప్పుడు ముంబై దవఖాన డాక్టర్లు చెప్పిన కారణం గీ బీమారే. మన 'గ్యాంగ్ లీడర్'కు పాటలు కట్టిన మనిషి. గురక ఎనుక గింత కథ ఉంటదని అప్పుడు శానామందికి ఎరుకైంది. గిప్పుడు ఫోన్ల "గురక" అని కొట్టుడే ఆలస్యం, సీపాప్ మిషన్ల యాడ్స్ వరసవెట్టి వస్తయి. ముప్పై, నలబై వేలు, ఆ పైన ధర. ఈఎంఐ కూడ ఇస్తరు. బాపు కోసమో, లారీ తోలే అన్న కోసమో ఆర్డర్ పెట్టేది ఇంట్ల ఉన్న పోరగాళ్లే. గందుకే గీ ముచ్చట మీకే చెప్పాలె: గీ మిషన్ కొనాలంటే డాక్టర్ చీటీ కావాల్నా, వద్దా?

మిషన్ చేసే పని ఏంది?

పొలంల పరిచే మెత్తటి పైపు సూసిండ్రు కదా. మోటరు బందు వెడితే సప్పగ అతుక్కపోతది. మోటరు ఏస్తే నీళ్ల జోరుకు గుండ్రంగ తెర్సుకుంటది. మన గొంతు గూడ గంతే. నిద్రల కండరాలు వదులైతయి. కొందరికి గొంతు దారి అతుక్కపోయి గాలి పోదు. రక్తంల ఆక్సిజన్ తగ్గుతది, మెదడు భయపడి మనిషిని లేపుతది. గిట్ల రాత్రంత అయితనే ఉంటది, కానీ పొద్దుగాల ఆ మనిషికి యాదికుండది. తలకాయ నొస్తది, పగటీలి కునుకు వస్తది, బీపీ మందులు ఏసుకున్నా దిగదు.

సీపాప్ అంటే ముక్కుకో, ముక్కు నోరు రెండింటికో మాస్కు పెట్టి, ఆగకుండ గాలి జోరు పంపే మిషన్. 1981ల ఆస్ట్రేలియా డాక్టర్ కొలిన్ సల్లివాన్ దీన్ని లోకానికి చెప్పిండు. ఒక సంగతి ఖరారు జేసుకోండ్రి: ఇది ఆక్సిజన్ మిషన్ కాదు. కరోనాల మనం సూసిన ఆక్సిజన్ కాన్సంట్రేటర్ వేరు, ఇది వేరు. సీపాప్ రూముల ఉన్న గాలినే జోరుగ పంపుతది, గొంతు మూసుకపోకుండ ఆపుతది. ఒకదాని బదులు ఇంకోటి కొంటే పైసలు బొందల పోసినట్టే.

చట్టం ఏమంటది?

మందుల సంగతి మనకు ఎరుకే. షెడ్యూల్ హెచ్ మందులు చీటీ లేకుండ అమ్మొద్దు. వైద్య పరికరాలకు 2017ల వేరే రూల్స్ వచ్చినయి, 2018 జనవరి నుంచి అమలైనయి. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం లెక్కల 'డ్రగ్' కిందికే వచ్చినయి. తయారు చేసేటోళ్లకు, బయటి దేశాలకెల్లి తెచ్చి అమ్మేటోళ్లకు లైసెన్స్ ఉండాలె. అమ్మే దుకాన్లకు మందుల లైసెన్స్ అన్న ఉండాలె, లేదంటే 2022ల వచ్చిన ఎండీ-42 అనే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అన్న ఉండాలె.

అంటే మన దగ్గర రూల్స్ జోరంత అమ్మేటోని మీదనే ఉన్నది. కొనేటోని కాడికి వచ్చేసరికి పట్టు ఢీలా. పెద్ద పెద్ద వెబ్‌సైట్లల్ల సీపాప్ మిషన్‌ను ఫోన్ కవర్ కొన్నంత అల్కగ కొనొచ్చు. కొన్ని కంపెనీలు చీటీ ఫోటో పంపమంటయి, కొన్ని అడగనే అడగయి. అమెరికాల గట్ల కాదు. ఆడ సీపాప్ ప్రిస్క్రిప్షన్ పరికరం. డాక్టర్ రాసియ్యకుండ ఆన్‌లైన్ల గూడ మిషన్ పంపరు.

మన దేశంల గూడ చీటీ గట్టిగ అడిగే జాగలు ఉన్నయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సీజీహెచ్ఎస్ స్కీంల మిషన్ పైసలు వాపస్ రావాలంటే స్లీప్ టెస్ట్ రిపోర్టు, స్పెషలిస్ట్ రాసిచ్చిన కాయితం పెట్టాలె. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టేటోళ్లకు గూడ ముందుగాల అడిగేది ఆ కాయితమే.

అడగనప్పుడు చీటీ ఎందుకు?

బోరు ఎన్ని ఫీట్ల లోతున్నదో, నీళ్లు ఎంత లోతున ఉన్నయో సూడకుండ మోటరు కొంటమా? కొనం. సీపాప్ చీటీ అంటే గదే లెక్క. అది దుకాన్దారుకు సూపెట్టే గేట్‌పాస్ కాదు, మన గొంతుకు ఎంత జోరు కావాల్నో చెప్పే లెక్క. సక్కటి చీటీల గివి ఉంటయి:

– బీమారి ఏంది, ఎంత ఉన్నది. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగుతున్నదో, ఎన్నిసార్లు బాగ తగ్గుతున్నదో లెక్కవెట్టి ఏహెచ్ఐ అంటరు. పెద్దోళ్లకు 5 నుంచి 15 దాకా తక్కువ, 15 నుంచి 30 దాకా నడిమిట్ల, 30 దాటితే ఎక్కువ.
– ఏ మిషన్. ఒక్కటే జోరు ఇచ్చేదా, తనంతట తానే జోరు మార్చుకునే ఆటో మిషన్నా, లేకుంటే బైపాప్‌నా.
– ఎంత జోరు. సీపాప్‌ల ఇది మామూలుగ 4 నుంచి 20 సెంటీమీటర్ల నీళ్ల లెక్కల ఉంటది.
– మాస్కు ఏ తీరుది, ఏ సైజు, తేమ ఇచ్చే డబ్బా కావాల్నా.
– డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, తారీఖు, సంతకం.

"ఆటో మిషన్ తనే సూసుకుంటది కదా, ఇగ డాక్టర్ ఎందుకు?" అని యూట్యూబుల జెప్పేటోళ్లు మస్తుగున్నరు. నిజమే, గొంతు మూసుకపోయే ఆప్నియాకు ఆటో మిషన్ మంచిగ పనిచేస్తది. కానీ ఊపిరి ఆగుడు అందరికి ఒక్క తీరుగ ఉండదు. కొందరికి గొంతు దారి తెర్సుకునే ఉంటది, మెదడే "గాలి గుంజు" అని చెప్పదు. దాన్ని సెంట్రల్ ఆప్నియా అంటరు, గుండె బలం తగ్గినోళ్లల్ల అది ఎక్కువ కనవడుతది. అసొంటోళ్ల కోసం ఏఎస్‌వీ అని ఇంకో రకం మిషన్ ఉన్నది. గుండె పంపింగ్ బాగ తగ్గినోళ్లకు అది పెట్టి సూస్తే మేలు గాకపోగ గుండె చావులు పెరిగినయని 2015ల ఒక పెద్ద పరిశోధనల తేలింది. డాక్టర్ల చేతులల్ల ఉన్న మిషనే గట్లైతే, ఫోన్ల నక్షత్రాలు సూసి కొన్న మిషన్ మీద ఎట్ల భరోస పెడుతం?

మన దిక్కు సంగతులు ఇంకా కొన్ని ఉన్నయి. ఏండ్ల తరబడి బీడీ తాగి, కట్టెల పొయ్యి పొగ పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయినోళ్లు ఉంటరు. వాళ్లకు ఉత్త సీపాప్ సరిపోకపోవచ్చు, బైపాప్ కావాల్సి రావచ్చు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాల కల్తీ కల్లు ముచ్చట అందరికి ఎరుకే. అండ్ల కలిపే అల్ప్రాజోలం అసొంటి మత్తు మందులు గొంతు కండరాలను ఇంకా వదులు జేస్తయి, ఊపిరిని మందగిస్తయి. "రాత్రి ఏం తాగుతవు, ఏం గోలీలు ఏసుకుంటవు?" అని డాక్టర్ అడుగుతడు. వెబ్‌సైట్ అడగదు.

చీటీ ఎవరు రాయాలె, టెస్ట్ ఎట్ల?

మన ఊర్లల్ల ఆరెంపీ అంటే సూది ఏసే పెద్దమనిషి. కాయితం మీద ఆర్ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే మెడికల్ కౌన్సిల్ల నంబర్ ఉన్న డాక్టర్. పేరు ఒక్కటే అయినా మనిషి వేరు. ఊరి ఆరెంపీ రాసిచ్చిన తెల్ల కాయితం గీ పనికి చెల్లదు. ఊపిరితిత్తుల డాక్టరో, చెవి ముక్కు గొంతు డాక్టరో సూడాలె.

ముందుగాల ఇంట్ల కూసొని ఎనిమిది ప్రశ్నలు ఏసుకోండ్రి. డాక్టర్లు గూడ ఇవే వాడుతరు. తలుపు మూసినా ఇనవడేంత గురక ఉన్నదా? పగటీలి అలసట, కునుకు ఉన్నయా? నిద్రల ఊపిరి ఆగుడు ఎవరన్న సూసిండ్రా? బీపీ ఉన్నదా? ఒళ్లు బాగ ఎక్కువున్నదా, అంటే బీఎంఐ 35 దాటిందా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? మొగోళ్లా? మూడు లేదా అంతకన్న ఎక్కువ "అవును" వస్తే డాక్టర్ దగ్గరికి పోవుడు మంచిది. సన్నగున్నోళ్లకు ఈ బీమారి రాదనుకోవద్దు, ఆడోళ్లకు రాదనీ అనుకోవద్దు.

టెస్టులు రెండు తీర్లు. ఒకటి దవఖానల రాత్రంత పండవెట్టి, తలకు, ఛాతికి వైర్లు పెట్టి సూసేది. ఇంకోటి ఇంట్లనే చేసేది: వేలికి, ముక్కుకు, ఛాతికి చిన్న యంత్రం కట్టుకొని పండుకోవాలె, పొద్దుగాల దాని లెక్క డాక్టర్ సూస్తడు. గుండె జబ్బు, పెద్ద ఊపిరితిత్తుల జబ్బు లేనోళ్లకు శానావరకు రెండోదే సాలు. వేలికి పెట్టే ఆక్సీమీటరు, చేతి గడియారం ఇచ్చే నిద్ర స్కోరు.. ఇవి టెస్ట్ కిందికి రావు.

పట్నం పోవుడు కష్టమైతే మొదటి మాట ఫోన్ల గూడ మాట్లాడొచ్చు. 2020 మార్చిల వచ్చిన టెలిమెడిసిన్ గైడ్‌లైన్స్ ప్రకారం రిజిస్టర్డ్ డాక్టర్ వీడియోల సూసి చీటీ రాయొచ్చు. సర్కారు ఈ-సంజీవని పైస ఖర్చు లేకుండ దొరుకుతది. కానీ నిద్ర టెస్ట్ లేకుండ "మిషన్ కొనుక్కో" అని రెండు నిమిషాలల్ల రాసిచ్చే చీటీ, మిషన్ అమ్మే కంపెనీనే ఫ్రీగ ఇప్పించే చీటీ.. ఈ రెండింటినీ జర అనుమానంగనే సూడాలె.

ఆన్‌లైన్ల కొనేటప్పుడు

చీటీ చేతిల ఉన్నంక ఆన్‌లైన్ల కొనుడు తప్పు కాదు. ధర తక్కువ పడొచ్చు గూడ. కాకపోతే గివి సూసుకోండ్రి.

అమ్మేటోని పేరు, అడ్రస్, ఫిర్యాదు తీసుకునే అధికారి పేరు వెబ్‌సైట్ల ఉండాలె. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్ల చెప్పాలె, నెల లోపట తేల్చాలె. లైసెన్సో, ఎండీ-42 నంబరో అడుగుండ్రి. డబ్బా మీద దిగుమతి లైసెన్స్ నంబర్, సీరియల్ నంబర్ సూడుండ్రి. బిల్లు లేకుండ కొనొద్దు. జోరు ఎవరు సెట్ చేస్తరు, మాస్కు సైజు సరిపోకపోతే మారుస్తరా, దగ్గర్ల సర్వీస్ ఏడ ఉన్నదనేది పైసలు కట్టకముందే అడగాలె. కరెంటు పోతే మిషన్ ఆగుతది. 2025 ఆగస్టు వానలకు మన జిల్లాల రోడ్లు తెగి, పోచారం డ్యాం మీదికెల్లి వరద పొంగిన రోజులు యాదున్నయి కదా. ఇన్వర్టర్ మీద నడుస్తదా అని గూడ అడుగుండ్రి.

సెకండ్ హ్యాండ్ మిషన్ సగం ధరకు వస్తదని ఆశపడొద్దు. 2021 జూన్‌ల ఫిలిప్స్ కంపెనీ లోపటి ఫోమ్ పొడి పొడి అయ్యి ఊపిరిలకు పోయే ప్రమాదం ఉన్నదని లోకమంత కలిపి 50 లక్షలకు పైగ మిషన్లను వాపస్ పిలిచింది. అండ్ల డ్రీమ్‌స్టేషన్ మొదటి తరం మిషన్లున్నయి. పాత మిషన్ దొరికితే ముందుగాల మోడల్, సీరియల్ నంబర్ సూడాలె. పాత ఓనర్ జోరు సెట్టింగ్ అండ్లనే ఉంటది, అది మీది కాదు. పేస్‌మేకర్ పెట్టుకున్నోళ్లు అయస్కాంతం క్లిప్పులున్న మాస్కులు డాక్టర్‌ను అడగకుండ వాడొద్దు.

దుబాయికెల్లి, అమెరికాకెల్లి సుట్టాలు తెచ్చే మిషన్‌కు గూడ చీటీ కాపీ ఎంబడి ఉంచుకోవాలె. కస్టమ్స్ కాడ అడిగితే సూపెట్టొచ్చు. ఆడ కొన్న వారంటీ ఈడ నడుస్తదో లేదో ముందే కనుక్కోండ్రి.

మోసం జరిగిందనుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. లైసెన్స్ లేకుండ అమ్ముతున్నరని అనుమానముంటే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ టోల్ ఫ్రీ 1800-599-6969.

అడగాల్సింది సర్కారును

గిదంత ఇన్నంక ఒకటి అనిపిస్తది: చీటీ తెచ్చుకోమనుడు అల్కనే, చీటీ దాకా పోయే తొవ్వనే దూరం. ఎల్లారెడ్డి దిక్కు కూలి చేసుకునే మనిషి ఒక్క టెస్ట్ కోసం వంద కిలోమీటర్లు దాటి పట్నం పోతే రెండు రోజుల కూలి పాయె, కిరాయి పాయె. గందుకే మనోళ్లు టెస్ట్ ఎగ్గొట్టి సీదా మిషన్ ఆర్డర్ పెడుతున్నరు. తప్పు వాళ్లదొక్కలదే కాదు.

కామారెడ్డిల 2023 నుంచి సర్కారు మెడికల్ కాలేజీ ఉన్నది. ఇంట్ల కట్టుకొని పండుకునే టెస్ట్ యంత్రం చిన్న డబ్బా అంత ఉంటది. అసొంటివి కొన్ని కామారెడ్డిల, ఎల్లారెడ్డి సర్కారు దవఖానల పెట్టి, రిపోర్టు పెద్ద డాక్టర్ ఫోన్ల సూసేటట్టు జేస్తే సగం తిప్పలు తీరుతయి. జిల్లా నడుమకెల్లి 44వ నంబర్ హైవే పోతది. రాత్రంత స్టీరింగ్ పట్టే లారీ, డీసీఎం డ్రైవర్లు మన ఊర్లల్ల ఎంతమంది? వాళ్ల కునుకు వాళ్ల ఒక్కల బీమారి కాదు, ఎదురుంగ బైకు మీద వచ్చేటోని పాణం గూడ.

ప్రజావాణిల రోడ్డు అడుగుతం, పింఛన్ అడుగుతం. నిద్ర టెస్ట్ గూడ అడుగుదాం. అందాక మీరు జెయ్యాల్సింది ఒక్కటే: ఇయ్యాల రాత్రి బాపు గురక పెడుతుంటే ఫోన్ల రెండు నిమిషాలు వీడియో తీయుండ్రి. నడుమ నడుమ సప్పుడు ఆగుతున్నదా సూడుండ్రి. ఆగితే ఆ వీడియోను ముందుగాల డాక్టర్‌కు సూపెట్టుండ్రి, ఆర్డర్ బటన్ తర్వాత ఒత్తుదురు.