మేనత్తా, అల్లుడూ, అడవి శాంతిశ్రీ

ధారావాహిక నవల మధ్యలో అందుకున్నవారు ముందుగా అడిగే ప్రశ్న, "ఈవిడ ఆయనకు ఏమవుతుంది?" అని. అడివి బాపిరాజు గారి 'అడవి శాంతిశ్రీ' చదివేవారికి ఆ జవాబు శిలాశాసనాలలోనే దొరుకుతుంది.

కథాకాలం ఇక్ష్వాకులది, క్రీ. శ. 3వ శతాబ్దం. నవలలో శాంతిశ్రీ రాజపుత్రి, బ్రహ్మదత్తుడు ఆమెకు గురువు. ఆ గురుశిష్య బంధం ప్రణయంగా మారటమే కథకు ప్రాణం. శాసనాలలోనూ ఆమె ఉంది: శాంతమూలుని కూతురు, వీరపురుషదత్తుని తోబుట్టువు, ధనక వంశపు మహాసేనాపతి ఇల్లాలు. ఆమె మనసెలాంటిదో రాతిమీద లేదు. అది బాపిరాజు గారి సొత్తు.

నాకు మాత్రం ఆమె మేనత్త మీదనే ఆసక్తి. ఆవిడ పేరూ శాంతిశ్రీయే! శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. తోడబుట్టిన ఆవిడేమో నాగార్జునకొండలో బుద్ధునికి మహాచైత్యం కట్టించింది. ఇద్దరికీ ఎలా పొసగిందో! ఒక శాసనంలో వీరపురుషదత్తుణ్ణి తన అల్లుడని చెప్పుకొని, అతనికి ఆయుష్షూ విజయమూ కోరింది. మరొక మేనత్త హమ్మశ్రీ కూతుళ్లిద్దరూ కూడా అతని దేవేరులే. అచ్చమైన మేనరికం! ఆ మరదళ్ల నడుమకు ఉజ్జయిని నుంచి రుద్రధర భట్టారిక కోడలై వచ్చింది. ఆ అంతఃపురం ఊసులు ఒక నవలకు సరిపడవూ?

వేదాద్రి నరసింహస్వామి దర్శనానికి జగ్గయ్యపేట మీదుగా వెళ్లేవారికి మరో కుటుంబం తారసపడుతుంది. ఊరి దగ్గర ధనబోడు మీది స్తూపాన్ని 1882లో బర్జెస్ దొర పరిశీలించాడు. అక్కడి శాసనం ఈ వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలోదే. తూర్పు ద్వారాన ఐదు ఆయక స్తంభాలు నిలిపినవాడు రాజు కాదు, సిద్ధార్థుడనే శిల్పి. తల్లి నాగిలనిని ముందుంచుకొని, భార్య సముదానినీ, పిల్లలనూ, సోదరుడు బుధినకుణ్ణీ, అతని భార్య కనికనూ, వారి పిల్లలనూ పేరుపేరునా చెప్పుకున్నాడు. రాజుగారి శాసనాలలో బిరుదులు ఎక్కువ. ఇక్కడ ఇంటివారే ఎక్కువ. తోడికోడళ్లకు పడేదో లేదో శిల్పి చెప్పలేదు గాని, సోదరుని కూతురి పేరు మాత్రం సిద్ధార్థనిక.