పోలీసు బండిపై దీపము, లోపలి తీగ

సంగారెడ్డినుండి హైదరాబాదునకు పోవు 65వ జాతీయ రహదారి కంది, రుద్రారము, ఇస్నాపురము, ముత్తంగి, పటాన్‌చెరువు, రామచంద్రాపురము మీదుగా కర్మాగారముల నడుమ సాగుచున్నది. షిఫ్టు దిగిన కార్మికుల బస్సులు, ముడిసరుకుల లారీలు, రసాయనములు మోయు ట్యాంకర్లు ఈ బాటపై రాత్రింబవళ్లు తిరుగుచుండును. ముత్తంగికడ 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు వచ్చి దీనిని కలియుటతో, వేగము మరిగిన వాహనములును ఇందు చేరినవి.

రాత్రి రెండుగంటలకు ఈ బాటపై ఒక లారీ అడ్డముగా పడినదనుకొందము. గస్తీ తిరుగు పోలీసు బండి వచ్చి, పడిన లారీకి వెనుక కొంత దూరమున నిలిచి, రాబోవు వాహనములను హెచ్చరింపవలెను. హెచ్చరించుటకు దానికి దీపమే నోరు. గంటకు 100 కిలోమీటర్ల వేగమున వచ్చు కారు ఒక్క సెకండులో సుమారు 28 మీటర్లు పోవును. చోదకుడు దీపమును చూచి, అదేమో గ్రహించి, బ్రేకుపై కాలు మోపుటకు రెండు సెకండులు పట్టినచో, ఆగుటకు ప్రయత్నమైనను మొదలుకాకముందే 56 మీటర్లు గడచిపోవును. ఆ దారిలోనే ఒక కానిస్టేబులు చేత లాఠీ పట్టుకొని నిలిచియుండును. క్రేను వచ్చువరకు, అనగా రెండు మూడు గంటలసేపు, ఆ దీపము మసకబారక వెలుగవలెను. నడుమ ఆరిపోయినచో, పోలీసు బండియే చీకటిలో రెండవ అడ్డంకి యగును.

దీపము ఆరిపోవుటకు కారణము సాధారణముగా దీపమున ఉండదు, తీగలో ఉండును. దీపమును అందరు చూతురు గాని తీగను ఎవ్వరు చూడరు. కావున ఈ ప్రసంగమున తీగకే ఎక్కువ కాలము వినియోగింపదలచితిని.

ముందుగా దీపమును గూర్చి కొంచెము. పోలీసువారికి మోటారు బండి మొట్టమొదట 1899లో అమెరికాలోని ఆక్రన్ నగరమున ఏర్పడెను. అది పెట్రోలు బండి కాదు, విద్యుత్తుతో నడచునది; దానికి విద్యుద్దీపములును, మ్రోగించుటకు గంటయు ఉండెను. తరువాతి కాలమున, వెలుగుచున్న బల్బు చుట్టు ఒక అద్దమును చిన్న మోటారు త్రిప్పుచుండగా, రంగుగాజు గుండ వెలుగు మెరయు దీపములు వచ్చినవి. వీనిలో నీలి దీపమునకు ఒక దురదృష్టము కలదు. కాలిన తంతువు ఇచ్చు వెలుగులో ఎరుపు, పసుపు వన్నెలు మెండు, నీలము స్వల్పము. నీలిగాజు తక్కిన వన్నెల నన్నిటిని మ్రింగి, ఆ స్వల్పమునే బయటికి పంపును. బ్యాటరీనుండి తెచ్చిన శక్తిలో చాల భాగము గాజును వేడిచేయుటకే సరిపోయెడిది. 1993లో జపాను దేశమున షూజి నాకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని వెలువరించిన పిదప ఈ చిక్కు తీరినది. ఆ దీపము పుట్టుకతోనే నీలము. గాజుతో వడకట్ట నక్కరలేదు. ఈ కృషికే ఆయనకును, అకసాకి, అమానో అను మరి యిద్దరికిని 2014లో నోబెల్ బహుమానము లభించెను.

ఎరుపును నీలమును జతగా వాడుట అలంకారము కొరకు కాదు. సందెవేళ ఎర్రని పువ్వులు నల్లబడినట్లును, నీలిపువ్వులు వెలుగుచున్నట్లును తోచుటను చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 19వ శతాబ్ది తొలిభాగముననే గమనించెను. చీకటిలో మన కన్ను నీలమువైపు మొగ్గును. పైగా రాత్రి రోడ్డునిండ ప్రతి లారీ వెనుకను ఎర్రదీపమే. ఆ గుంపులో మరియొక ఎరుపు కలసిపోవును, నీలము కలియదు. పగటివేళ మాత్రము ఎరుపు తన పని తాను చేయును.

ఈ వన్నెలు ఎవరికి చెల్లునను దానిపై మన దేశమున పెద్ద వివాదమే నడచినది. ఎర్రదీపము గొప్పతనమునకు గుర్తుగా మారుటను సుప్రీంకోర్టు 2013 డిసెంబరులో గర్హించెను. 2017 మే 1వ తేదీనుండి మంత్రులు, అధికారుల కార్లపై దీపములు తొలగినవి. ఎరుపు, నీలము, తెలుపు కలిసిన దీపము అగ్నిమాపకదళము, పోలీసు, సైనిక, అర్ధసైనిక దళముల బండ్లకును, ప్రకృతివైపరీత్యములు, మానవకృతమైన విపత్తులు ఎదుర్కొను బండ్లకును, అదియు ఆ పనిమీద ఉన్నప్పుడే, చెల్లునని నిర్ణయమైనది. ఆ విపత్తులలో రసాయన ప్రమాదములును చేరియున్నవి. ఈ ప్రాంతమువారికి ఆ మాట ఏల వ్రాసిరో వివరింప నక్కరలేదు; 2025 జూన్ 30న పాశమైలారపు ఔషధ కర్మాగారమున ప్రేలుడు సంభవించి 40 మందికి పైగా కార్మికులు మరణించుట ఇంకను మరువరానిది. అట్టి దినమున దారి ఈయనివారిని శిక్షించుటకు మోటారు వాహనముల చట్టమున 194ఇ అను సెక్షను 2019లో చేరినది: ఆరునెలలవరకు ఖైదు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండును.

ఇక బండిలోనికి పోవుదము. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప హైదరాబాదు పోలీసులకు గస్తీకొరకు ఇన్నోవా కార్లు సమకూర్చిరి. అది మంచి బండియే. కాని కర్మాగారమున దానిని నిర్మించినవాడు ఒక కుటుంబము పెండ్లికి పోవుటను మనసున నుంచుకొని, ముందు దీపములు, చల్లని గాలి యంత్రము, పాటలపెట్టె, వీనికి సరిపడు తీగలు వేసెను. దాని నెత్తిన దీపపుపట్టె, ముందు సైరను, లోపల వైర్‌లెస్ సెట్టు, కెమెరా మనము తరువాత చేర్చినవి. ఇదే సంగారెడ్డి జిల్లాలో ఎద్దుమైలారమున 1984లో నెలకొన్న ఆయుధ కర్మాగారము సైన్యమునకు కవచ శకటములను, పోలీసుదళములకు మందుపాతరలనుండి కాపాడు బండ్లను తయారుచేసినది. అట్టి బండి ఉక్కు కవచమును పిదప తొలిచి తీగ దూర్చుట సులభము కాదు. కావున తీగ దారి ముందే ఆలోచింపవలసివచ్చును. మామూలు గస్తీ కారు రేకు మెత్తన. ఎక్కడనైనను రంధ్రము వేయవచ్చును. చిక్కంతయు ఆ సౌలభ్యముననే పుట్టుచున్నది.

లెక్క చూతము. కారు బ్యాటరీ 12 వోల్టులది. మంచి ఎల్.ఇ.డి. దీపపుపట్టె అయిదారు ఆంపియర్లు తీసికొనును. 100 వాట్ల సైరను మ్రోగినంతసేపు ఎనిమిది పది. వైర్‌లెస్ సెట్టు వినునప్పుడు కొంచెమే గాని మాటలాడునప్పుడు అయిదారు. ఇంజను తిరుగుచున్నంతవరకు ఆల్టర్నేటరు ఈ భారము మోయును. ఇంజను ఆపి రోడ్డుపై నిలిచినచో? సైరను లేకున్నను, దీపములు, వైర్‌లెస్, తక్కినవి కలిసి 12 ఆంపియర్లనుకొన్నచో, 60 ఆంపియర్-గంటల బ్యాటరీ లెక్కప్రకారము అయిదు గంటలు రావలెను. కాని తిరిగి ఇంజను నడపుటకు సగమైనను మిగుల్చుకొనవలెను గదా! రెండున్నర గంటలకే హద్దు వచ్చినది. బ్యాటరీ పాతదైనచో గంటన్నరయే గగనము. కావున బ్యాటరీ కొంత తగ్గగనే అనవసరమైనవానిని తనంతట ఆపి, దీపమును మాత్రము మిగుల్చు రిలే ఒకటి ఉండవలెను. ఈ చిన్న వస్తువును ఖర్చని మానుకొనుట తరచు చూచుచున్నాము.

తరువాతిది తీగ లావు. బ్యాటరీనుండి పైకప్పుపై దీపమునకు పోవను రాను పది మీటర్ల తీగ పట్టుననుకొనుడు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు రాగితీగలో పది ఆంపియర్లు పోయినచో దారిలోనే 1.15 వోల్టులు హరించిపోవును. 12లో సుమారు పదవవంతు తీగను వేడిచేయుటకే చెల్లినది. నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నష్టము 0.43 వోల్టులే. రెండు తీగల ధరలో భేదము స్వల్పము.

ఫ్యూజు ఎక్కడ ఉండవలెను? దీపము ప్రక్కననా, బ్యాటరీ ప్రక్కననా? మన ప్రాంతపు రైతునడిగిన చెప్పును. చెరువు తూము కట్టకడనే యుండును గాని పొలము గట్టున ఉండదు. నడుమ కాలువ తెగినచో నీటిని మూలముననే ఆపవలెను గదా. ఫ్యూజు దీపమును కాపాడుటకు కాదు, తీగను కాపాడుటకు. బ్యాటరీకి ఒక జానెడు దూరముననే దానిని పెట్టవలెను. తీగ ఎక్కడనో ఒరసికొని రేకును తాకినచో బ్యాటరీ కొన్ని వందల ఆంపియర్లు కుమ్మరింపగలదు. ఫ్యూజు దూరముననున్నచో, ఆ నడిమి తీగ ఎర్రగా కాలి బండియే అంటుకొనును.

ఆ ఒరపిడి కలుగు చోట్లును తెలిసినవే. ఇంజనుగదినుండి లోపలికి తీగ పోవు రంధ్రమునకు రబ్బరు కన్ను ఉండవలెను. తలుపు ప్రక్క స్తంభములలో నేడు గాలిసంచులు దాగియుండును. వాని ముందునుండి తీగ లాగినచో ప్రమాదమున ఆ సంచి విచ్చుకొనుటకు అడ్డుపడవచ్చును. తీగ కొనలను మెలిపెట్టి టేపు చుట్టుట మన బజారు పద్ధతి. ఎండకాలమున మూసియున్న బండిలో ఆ టేపు జిగురు కారి, పదినెలలలో ఊడును. మరియు పైకప్పు రంధ్రమునుండి వానచుక్క దిగినచో రాగి పచ్చనగును. ఒత్తి బిగించిన కొనలు, వేడికి ముడుచుకొని పట్టు గొట్టములు పటాన్‌చెరువు బజారున దొరకని వస్తువులు కావు.

ఎర్తును గూర్చి ఒక్కమాట. మోటారులో విద్యుత్తు తిరుగుదారి బండి రేకే. ఆ రేకుపై రంగు ఉన్నది. రంగు గుండ విద్యుత్తు పోదు. రంగు గీకి, మెరయు లోహముపై బిగించి, పైన గ్రీజు పూయవలెను. కారణము దొరకని దోషమును వెదకువారు ముందు ఎర్తు చూచుట మేలు. పలుమారు వారి వెదకులాట అక్కడనే ముగియును.

శ్రోతలకు అనుభవమున్న విషయమొకటి. పాత స్కూటరు వీధిని పోవునపుడు మీ రేడియో గరగరలాడుట వినియుందురు. ఎల్.ఇ.డి. పట్టెలోని చిన్న యంత్రము విద్యుత్తును సెకండునకు వేలమార్లు తెంచి కలుపుచుండును. ఆ కలకలము పోలీసు వైర్‌లెస్‌లో చేరును. దగ్గరి స్టేషను మాట గట్టిగా వచ్చును గనుక లోపము తెలియదు. దూరమునుండి వచ్చు బలహీనమైన పిలుపు ఆ గరగరలో మునిగిపోవును. దీపము వెలిగించినప్పుడే సాయము కోరవలసివచ్చును. అప్పుడే మాట వినబడదు! వైర్‌లెస్‌కు బ్యాటరీనుండి వేరుగ జంటతీగ వేసి, రెండింటిని పెనవేసి, దీపపు తీగలకు దూరముగ నడపినచో ఈ బాధ చాలవరకు తగ్గును.

మరి వెలుగు ఎంత ఎక్కువైన అంత మేలని తలచుట పొరపాటు. నిలిచిన బండిపై మిరుమిట్లుగొల్పు దీపము రాత్రివేళ చోదకుని కన్ను చెదరగొట్టి, దాని ప్రక్కనున్న కానిస్టేబులును కనబడకుండ చేయును. నిమిషమునకు 60 మొదలు 240 వరకు మెరుపులు చాలును. బండి నిలిచిన పిదప తెల్లని మెరుపులను ఆపి, తక్కినవానిని తగ్గించి నిదానపరచు మీట ఉండవలెను. పల్లెలలో 108 అంబులెన్సును ‘కుయ్ కుయ్’ బండి అందురు. సైరను పేరు తెచ్చుకొన్నంతగా దీపము తెచ్చుకొనలేదు గాని, అద్దములు బిగించిన కారులోనివానికి ముందు తెలియునది దీపమే.

పని ముగిసినదని మేస్త్రి చెప్పినప్పుడు బండిని స్వీకరించు అధికారి చేయదగిన పరీక్ష సులభము. ఇంజను ఆపి, అన్ని దీపములు వెలిగించి, బ్యాటరీకడ ఎన్ని వోల్టులున్నవో, దీపముకడ ఎన్నియున్నవో మీటరుతో కొలువవలెను. భేదము అర వోల్టు మించినచో తీగ సన్నము, లేదా అతుకు వదులు. అరగంట తరువాత ఫ్యూజు పెట్టెపై చేయి పెట్టి చూడవలెను. వేడిగా నున్నచో అక్కడ బిగింపు చాలదు. పైకప్పుపై నాలుగు బిందెల నీరు పోయించి, లోపలి గుడ్డ తడిసినదేమో తాకి చూడవలెను. ఈ బండి రేపు జహీరాబాదు స్టేషనుకు పోవచ్చును, అక్కడ మరియొక మేస్త్రి దీనిని విప్పును. కావున ఏ రంగు తీగ ఎక్కడికి పోవుచున్నదో, ఏ ఫ్యూజు దేనిదో తెలుగున వ్రాసిన పటము ఒకటి బానెట్టు మూత లోపల అంటింపించి, పిమ్మట సంతకము చేయవలెను.