మలుపులో బండి ఎందుకు బోల్తా పడుతుంది?

జొన్న చేను కంకి మీద ఉంటే పిట్టలు వాలతాయి. వాటిని కొట్టడానికి రైతు మంచె ఎక్కి వడిసెల తిప్పుతాడు. రాయి గిరగిరా తిరుగుతుంది. తాడు కొస ఒకటి వదలగానే రాయి దూరంగా పోయి పడుతుంది.

తిరుగుతున్నంత సేపు రాయిని ఎవరు ఆపి ఉంచారు? తాడు. అది రాయిని చేతి వైపు, అంటే నడుమకు లాగుతూ ఉంటుంది. నడుమ చోటును కేంద్రం అంటారు. కేంద్రం వైపు లాగే ఈ బలమే అభికేంద్ర బలం.

తాడు వదిలితే రాయి ఇక గుండ్రంగా తిరగదు. ఆ క్షణంలో ఎటు పోతున్నదో అటే సాగిపోతుంది. భూమి లాగడం వల్ల చివరికి కింద పడుతుంది. కదిలే వస్తువును ఏదో ఒక బలం మళ్లిస్తే తప్ప అది తిన్నగానే పోతుంది. ఇంగ్లండు శాస్త్రవేత్త న్యూటన్ 1687లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతి చెప్పాడు.

ఇప్పుడు హసన్‌పర్తి నుంచి హనుమకొండకు పోయే ఆటోను తలచుకోండి. ఆటో కుడికి తిరిగితే మనుషులు ఎడమకు ఒరుగుతారు. ఎవరో బయటికి నెట్టినట్టు ఉంటుంది. దీన్ని అపకేంద్ర బలం అంటారు. నిజానికి ఎవరూ నెట్టలేదు. బండి పక్కకు తిరిగింది, ఒళ్లు తిన్నగా పోబోయింది. అంతే.

మరి బండిని మళ్లించే తాడు ఏది? టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే పట్టు. రోడ్డు మీద ఇసుక, వాన నీళ్లు, ఆరబోసిన వడ్లు ఉంటే ఆ పట్టు తగ్గుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. వేగం రెండింతలైతే కావలసిన బలం రెండింతలు కాదు, నాలుగింతలు! 20 కిలోమీటర్ల వేగంతో తిరిగే మలుపులో 40తో తిరగాలంటే నాలుగింతల పట్టు కావాలి. అంత పట్టు లేకపోతే బండి జారి రోడ్డు దిగుతుంది. పట్టు ఉన్నా, బరువు ఎత్తున ఉంటే బోల్తా పడుతుంది. పత్తి ఎత్తుగా నింపిన ట్రాలీ తొందరగా పడేది ఇందుకే.

హసన్‌పర్తి మీదుగా కాజీపేట–బల్లార్షా రైలు దారి పోతుంది. రైలు దారి మలుపుల్లో బయటి పట్టాను లోపలి పట్టా కన్నా కొంచెం ఎత్తుగా వేస్తారు. రైలు లోపలికి ఒరిగి తిరుగుతుంది. అయినా అక్కడ కూడా వేగానికి హద్దు ఉంటుంది.

కాబట్టి మలుపులోకి పోయాక కాదు, రాకముందే వేగం తగ్గించాలి. ఆటోలో పిల్లలను లోపలి వైపు కూర్చోబెట్టాలి. అంచున కూర్చున్నవాళ్లు కమ్మీని గట్టిగా పట్టుకోవాలి. డ్రైవర్ ఉరికిస్తుంటే ఊరుకోవద్దు. "మెల్లగ పో తమ్మీ, రెండింతల వేగానికి నాలుగింతల పట్టు కావాలె" అని చెప్పండి.