కుక్క బొమ్మ ఉన్నంత మాత్రాన పాత గ్రామఫోను కాదు

పాత ఇళ్ల అటకల మీద దుమ్ము కొట్టుకుని ఉన్న గ్రామఫోను పెట్టెలను ఇనుప సామానుతో కలిపి తూకానికి అమ్మేవారు కొందరు. పట్నంలో తళతళలాడే ఇత్తడి బాకాను చూసి, వేలు పోసి నకిలీని ఇంటికి తెచ్చుకునేవారు మరికొందరు. ఉభయులకూ నష్టమే. నాలుగు ఆనవాళ్లు తెలిస్తే ఈ నష్టం తప్పుతుంది.

బాకాను చూడండి

ఎమిల్ బెర్లినర్ 1887లో గ్రామఫోనుకు పేటెంటు పొందాడు. తొలినాటి యంత్రాలలో బాకా కొన నేరుగా సౌండ్ బాక్సుకే తగిలించి ఉంటుంది. ముల్లు లోపలికి జరిగేకొద్దీ బాకా కూడా జరుగుతుంది. 1900 దాటిన కొద్ది ఏళ్లకు వీటి నడుమ 'టోన్ ఆర్మ్' అనే బోలు చేయి వచ్చింది. అందులో చేయి మాత్రమే కదులుతుంది, బాకా స్థిరంగా ఉంటుంది. 1906లో అమెరికాలోని విక్టర్ కంపెనీ బాకాను పెట్టెలోనే అమర్చి 'విక్ట్రోలా'ను తెచ్చింది. కనుక పైకి బాకా కనిపించకపోతే ఏదో విరిగిపోయిందని అనుకోరాదు.

చేతిపెట్టెలు

సూట్‌కేసులాగా మోసుకుపోయే హెచ్.ఎం.వి. పెట్టెలలో 101 రకం 1925లో, 102 రకం 1931లో వచ్చాయి. 101లో మొదటి పెట్టెలకు కీ తిప్పే రంధ్రం ముందువైపు, తరువాతి వాటికి పక్కన ఉంటుంది. సౌండ్ బాక్సు మీది అంకె కూడా చూడాలి. 101కి 4, 102కి ఎక్కువగా 5ఏ లేదా 5బి ఉంటుంది. వేరే అంకె ఉంటే మధ్యలో ఎవరైనా మార్చారేమో విచారించాలి.

పాత సౌండ్ బాక్సులు చాలావాటిలో పలుచని అభ్రకపు బిళ్ల ఉంటుంది. గూడూరు, సైదాపురం గనుల ప్రాంతం వారికి అభ్రకాన్ని గుర్తుపట్టడం ఒకరు నేర్పనక్కరలేదు. తరువాత వచ్చిన వాటిలో అల్యూమినియం రేకు వాడారు.

నకిలీల సంగతి

కొత్త ఇత్తడి బాకా, నిన్న మొన్న రంగు పూసిన కర్ర పెట్టె, లోపల చేతిపెట్టె నుంచి ఊడదీసిన మోటారు: ఈ మూడూ కలిస్తే అనుమానించవలసిందే. కుక్క బొమ్మ బిళ్లను ఎవరైనా అచ్చు వేయించి అతికించవచ్చు. బేరానికి ముందు పై పలక విప్పించి మోటారు చూడటం మంచిది.

అమ్మదలచినవారు పెట్టెకు పాలిష్ పెట్టవద్దు, రంగు వేయవద్దు. కీ, సౌండ్ బాక్సు, ముళ్ల డబ్బీ విడిపోకుండా ఒకచోట ఉంచాలి. వాటిలో ఏది పోయినా పెట్టె ధర తగ్గుతుంది.