ఫోన్, ట్యాబ్ విడివిడిగానా? రెండూ కలిసిన ఫోల్డబుల్ ఒక్కటేనా?

మా బాబాయి కొడుక్కి ఈ మధ్యే ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం పడగానే నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఫోల్డబుల్ ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నా. ఫోనూ అదే, ట్యాబూ అదే. రెండెందుకు మోయాలి?" అన్నాడు. అవుననీ కాదనీ వెంటనే చెప్పలేకపోయాను. ఏడాదిన్నరగా నేను వాడుతున్నది ఫోల్డబులే. దాంతో సుఖపడ్డాను, ఒక తొమ్మిది రోజులు చుక్కలు కూడా చూశాను. వాడికి చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నా.

పాత గొడవే ఇది

మడత ఫోన్లు వచ్చాకే ఈ ప్రశ్న పుట్టిందనుకోకండి. 1994లోనే ఐబీఎం సైమన్ అని ఒకటి వచ్చింది. టచ్ స్క్రీన్ ఉన్న చేతి కంప్యూటర్, ఫోన్ రెండూ ఒకే డబ్బాలో. బరువు అర కిలో, మాట్లాడితే బ్యాటరీ గంట సేపు. 1996లో నోకియా 9000 కమ్యూనికేటర్ వచ్చింది. మూస్తే ఫోన్, తెరిస్తే లోపల కీబోర్డు. అది 397 గ్రాములు. అదే ఏడాది పామ్ పైలట్ కూడా వచ్చింది. అది చొక్కా జేబులో పట్టే చిన్న కంప్యూటర్, కానీ ఫోన్ వేరేగా ఉండాల్సిందే.

అసలు పోటీ 2003లో చూడాలి. ఆ ఏడాది వచ్చిన పామ్ టంగ్‌స్టన్ టీ3కి 320x480 స్క్రీన్, 400 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. అదే ఏడాది వచ్చిన ట్రియో 600లో ఫోన్ ఉంది కానీ స్క్రీన్ 160x160, ప్రాసెసర్ 144 మెగాహెర్ట్జ్. స్పెక్స్ చూస్తే ట్రియో చిత్తుగా ఓడిపోవాలి. కానీ జరిగింది వేరు. టీ3లో మెయిల్ చూడాలంటే ముందు దాన్ని ఫోన్‌తో కలపాలి. ట్రియోలో నెట్‌వర్క్ లోపలే ఉంది. కొన్నేళ్లలో విడి పీడీఏలు మార్కెట్ నుంచే మాయమయ్యాయి, కలిపిన దారే మిగిలింది.

మనకు దీని నుంచి తెలిసేది ఒకటే. ఇంట్లో ఉన్న మంచి స్క్రీన్ కన్నా, జేబులో ఉన్న ఓ మోస్తరు స్క్రీన్ ఎక్కువ పనికొస్తుంది. నేను ఫోల్డబుల్‌కి ముందు ట్యాబ్ కొన్నాను. మొదటి నెల బ్యాగులో తిరిగింది. తర్వాత టేబుల్ మీద ఉండిపోయింది. ఇప్పుడు మా అమ్మ దానిలో సీరియల్స్ చూస్తోంది.

పెద్ద స్క్రీన్ నిజంగా ఎంత పెద్దది?

ఉదాహరణకి 2025లో వచ్చిన గెలాక్సీ జెడ్ ఫోల్డ్ 7, 2024 నాటి ఐప్యాడ్ మినీ తీసుకుందాం. ఫోల్డ్ లోపలి స్క్రీన్ 8 అంగుళాలు, మినీది 8.3. వినడానికి దాదాపు సమానం. కానీ ఫోల్డ్ స్క్రీన్ ఇంచుమించు చతురస్రం, మినీది 3:2. ఇక్కడే తేడా వస్తుంది.

కాగితం మీద పైథాగరస్ లెక్క వేసి చూశాను. 16:9 వీడియో పెడితే ఫోల్డ్‌లో పైనా కిందా నల్ల పట్టీలు పోగా మిగిలే బొమ్మ సుమారు 6.8 అంగుళాలు. మినీలో 7.9. మామూలు 6.8 అంగుళాల ఫోన్‌లో 5.7 మాత్రమే. అంటే సినిమాల కోసమే అయితే ఫోల్డబుల్ మీద పెట్టిన డబ్బుకి దక్కేది ఒక అంగుళం పైచిలుకు.

చదవడం దగ్గరికొస్తే కథ మారుతుంది. ఏ4 సైజు పీడీఎఫ్ పేజీ మొత్తం ఒకేసారి కనపడాలంటే మామూలు ఫోన్‌లో అది అసలు సైజులో 34 శాతానికి కుంచించుకుపోతుంది. ఫోల్డ్‌లో 51 శాతం, మినీలో 56 శాతం. మొదటిది కళ్లకు శిక్ష. తర్వాతి రెండింటికీ పెద్ద తేడా లేదు. కాబట్టి పీడీఎఫ్‌లు, డాక్యుమెంటేషన్, ఎక్సెల్ షీట్లు, పక్కపక్కన రెండు యాప్‌లు వాడేవాళ్లకు మడత ఫోన్ నిజంగానే ట్యాబ్ పని చేస్తుంది.

బరువు, బ్యాటరీ, ధర

బరువులో కలిపినదే గెలుస్తుంది. ఫోల్డ్ 7 బరువు 215 గ్రాములు. మినీ 293, దానికి తోడు 200 గ్రాముల ఫోన్ అనుకుంటే అర కిలో. మళ్లీ సైమన్ బరువుకి వచ్చేశాం!

బ్యాటరీలో మాత్రం విడివిడిగా కొనుక్కున్నవాళ్లే గెలుస్తారు. ఫోల్డ్ 7లో 4,400 ఎంఏహెచ్, అంటే సుమారు 17 వాట్ అవర్లు. మినీలో 19.3 ఉంటే, 5,000 ఎంఏహెచ్ ఫోన్‌లో మరో 19. రెండూ కలిపితే 38. పైగా ట్యాబ్‌లో సినిమా చూసినంత మాత్రాన ఫోన్ చార్జింగ్ తగ్గదు. ఫోల్డబుల్‌లో బస్సులో సినిమా చూస్తే, దిగాక క్యాబ్ బుక్ చేయాల్సింది కూడా ఆ మిగిలిన చార్జింగ్‌తోనే. ఐతే వైఫై ట్యాబ్‌కి బయట హాట్‌స్పాట్ ఇవ్వాలి, అప్పుడు తగ్గేది మళ్లీ ఫోన్ బ్యాటరీయే.

ధర సంగతి దాచిపెట్టడానికేం లేదు. ఫోల్డ్ 7 లాంచ్ ధర 1,74,999 రూపాయలు. మినీ 49,900, దాంతో పాటు ఒక మంచి 40 వేల ఫోన్ తీసుకున్నా 90 వేలు. అంటే ఒకే వస్తువుగా జేబులో పెట్టుకునే సౌకర్యానికి అదనంగా 85 వేలు కడుతున్నాం.

ఆ తొమ్మిది రోజులు

నా ఫోల్డబుల్ కొన్న ఏడాదికి ఒక రోజు మడత దగ్గర సన్నటి గీత వచ్చింది. సాయంత్రానికి లోపలి స్క్రీన్ సగం నల్లబడింది. బ్రాండ్ పేరు ఇక్కడ అనవసరం. సర్వీస్ సెంటర్‌లో పార్ట్ రావాలన్నారు, రీసెట్ చేసి ఇవ్వమన్నారు. బయటి స్క్రీన్ పనిచేస్తోంది కదా అని ఫొటోలు బ్యాకప్ తీసుకుని, అక్కడే నిలబడి హడావుడిగా రీసెట్ కొట్టేశాను. ఆఫీస్ లాగిన్ కోడ్‌లు వచ్చే ఆథెంటికేటర్ యాప్ కూడా అందులోనే ఉందని అప్పుడు గుర్తు రాలేదు.

ఆ రాత్రి ఆన్‌కాల్ డ్యూటీ నాదే. ఒంటి గంటకి అలర్ట్ వచ్చింది. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను గానీ వీపీఎన్ కోడ్ అడుగుతోంది, కోడ్ లేదు. నిద్రపోతున్న టీమ్‌మేట్‌ని లేపి ఆయన చేత సరిచేయించాల్సి వచ్చింది. తప్పు పూర్తిగా నాదే. ఆ తొమ్మిది రోజులు ఫోన్ లేదు, ట్యాబ్ లేదు, నోట్స్ లేవు. అన్నీ ఒకే చోట పెడితే పోయేటప్పుడు కూడా అన్నీ ఒకేసారి పోతాయి. పాత పామ్‌లలో కూడా ఇదే బాధ ఉండేది. డేటా ర్యామ్‌లో ఉండేది కాబట్టి, బ్యాటరీ పూర్తిగా అయిపోతే అంతా చెరిగిపోయేది.

నన్ను కాపాడింది డ్రాయర్‌లో పడున్న పాత ఫోన్. సిమ్ అందులో వేసి, యూపీఐ యాప్‌లో మళ్లీ ఎస్ఎంఎస్ వెరిఫికేషన్ చేస్తే అయిదు నిమిషాల్లో పని చేసింది. అందుకే ఫోల్డబుల్ కొనేవాళ్లకి నేను చెప్పేవి ఇవి: పాత ఫోన్‌ని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయకండి. ఆథెంటికేటర్ రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. నోట్స్ యాప్‌లో సింక్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. స్క్రీన్ ప్రొటెక్షన్ ప్లాన్ ధర కూడా ఫోన్ ధరలో కలిపే లెక్కేయండి. ఐపీ48 అని రాసుంటే బీచ్‌కి తీసుకెళ్లొచ్చనుకోకండి. 8 అనేది నీళ్ల గురించి. ముందున్న 4 అంటే ఒక మిల్లీమీటర్ కన్నా పెద్దవాటినే ఆపుతుంది, ఇసుక, సన్నటి దుమ్ము లోపలికి పోవచ్చు.

మరి ఏది కొనాలి?

పామ్ పైలట్ తయారుచేసిన జెఫ్ హాకిన్స్, అసలు వస్తువు చేయక ముందు అదే సైజు చెక్క ముక్కని జేబులో పెట్టుకుని తిరిగాడు. ఎప్పుడు బయటికి తీయాలనిపిస్తుందో చూసుకోవడానికి. మీరూ అలాంటిదే ఒక వారం చేయండి. "ఇప్పుడు పెద్ద స్క్రీన్ ఉంటే బాగుండు" అనిపించిన ప్రతిసారీ, అప్పుడు ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో రాసుకోండి. ఎక్కువ సార్లు మెట్రోలో, మీటింగ్‌లో, ఊరెళ్లే బస్సులో ఏదో చదువుతున్నప్పుడైతే, ఫోల్డబుల్ మీకు పనికొస్తుంది. మంచం మీద వీడియోలు చూస్తున్నప్పుడైతే ట్యాబ్ చాలు, 85 వేలు మిగులుతాయి.

నా లిస్టులో బయటి సందర్భాలే ఎక్కువ. అందుకే ఆ తొమ్మిది రోజుల తర్వాత కూడా ఫోల్డబుల్‌తోనే ఉన్నాను. మా తమ్ముడి లిస్టు నిన్న వచ్చింది. పదకొండులో తొమ్మిది "రూమ్‌లో, క్రికెట్ హైలైట్స్". "ఈఎంఐ క్యాన్సిల్ చెయ్‌రా" అన్నాను. "సరే అన్నా, ఐతే మీ అమ్మ దగ్గరున్న ట్యాబ్ ఇప్పిస్తావా?" అంటున్నాడు. అది మాత్రం నా వల్ల అయ్యే పని కాదు.